శర శశి షట్క చంద్ర... పద్యం రైటా, స్ప్రెడ్‌షీట్ రైటా?

#1 | గోదారి_గట్టు

మూడు రోజులుగా మా ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తోంది. మీరే తీర్పు చెప్పాలి.

మా నాన్నగారికి 78 ఏళ్లు. సాయంత్రం పూట మా అమ్మాయికి (ఎనిమిదో తరగతి) పద్యాలు చెప్తుంటారు. మొన్న చదరంగం బల్ల మీద గింజల కథ చెప్పారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా 64 గడులూ నింపితే మొత్తం ఎన్ని అని. జవాబు ఈ పద్యంలోనే ఉందట.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

అమ్మాయి ఊరుకుంటుందా? లాప్‌టాప్ తెచ్చి స్ప్రెడ్‌షీట్‌లో 2^64-1 (64 రెండ్లు గుణించి, ఒకటి తీసేయడం) కొట్టింది. 18446744073709600000 అని వచ్చింది. "తాతయ్యా, చివర అయిదు సున్నాలు. నీ పద్యంలో శర శశి షట్క చంద్ర శర అని ఏవేవో ఉన్నాయి, పద్యం తప్పు" అంది. ఆయన "వెయ్యేళ్ల కిందటి లెక్క తప్పై, నీ డబ్బా రైటా" అని అలిగి కాఫీ కూడా తాగలేదు.

ఎవరు గెలిచినట్టు?

#2 | బిట్‌బాబు

తాతగారే. డబుల్ చెక్ అక్కర్లేదు.

స్ప్రెడ్‌షీట్లు పెద్ద సంఖ్యలో మొదటి 15 అంకెలే చూపిస్తాయి, మిగతా చోట్ల సున్నాలు పెట్టేస్తాయి. లోపల సంఖ్యను దాచుకునే పద్ధతిలో అంకెల కోసం 53 బిట్లే (0 గానీ 1 గానీ పట్టే గళ్లు) ఉంటాయి. ఈ సంఖ్యకు 64 కావాలి. పాపని ఒక గడిలో =2^64-1-2^64 కొట్టి చూడమనండి. -1 రావాలి కదా, 0 వస్తుంది. ఆ ఒక్క గింజ తీసినట్టు కూడా దానికి తెలియదన్నమాట.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 2**64-1 కొడితే అసలుది వస్తుంది: 18446744073709551615. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. అంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, పైన చిల్లర.

మా సాఫ్ట్‌వేర్ ఫీల్డ్‌లో ఈ సంఖ్య రోజూ కనిపిస్తుంది. 64 బిట్లూ 1 అయితే వచ్చేది ఇదే. ఎవడైనా 0 నుంచి 1 తీసేసి చూసుకోకపోతే లాగ్‌లో ఇదే ప్రత్యక్షమవుతుంది. నాకది అర్ధరాత్రి ఫోన్ మోగించే సంఖ్య. దానికి చంపకమాల ఉందని ఇప్పుడే తెలిసింది!

#3 | పద్యప్రియ

పద్యం పావులూరి మల్లన గారిది, సారసంగ్రహ గణితంలోది. తెలుగులో తొలి లెక్కల పుస్తకంగా చెప్పుకునేది అదే. మహావీరాచార్యుల సంస్కృత గ్రంథాన్ని దగ్గర పెట్టుకుని రాశారు.

పాప కోసం విప్పుతాను. ఇది భూతసంఖ్యల పద్ధతి, ప్రతి మాటా ఒక అంకె. శరం 5 (మన్మథుడి బాణాలు), శశి 1, షట్కం 6, చంద్రుడు 1, శరం 5, సాయకం అన్నా బాణమే కాబట్టి మళ్లీ 5, రంధ్రం 9 (నవరంధ్రాలు). ఆ తర్వాత పిల్లలు తట్టుకుని పడే చోటు ఒకటుంది, "వియన్నగాగ్ని". ఆస్ట్రియా రాజధాని కాదు! వియత్ + నగ + అగ్ని. ఆకాశం 0, కొండ 7, అగ్ని 3. భూధరం మళ్లీ కొండ 7, గగనం 0, అబ్ధి 4, వేదం 4, గిరి 7, తర్కం 6, పయోనిధి 4, పద్మజాస్యం అంటే బ్రహ్మ ముఖాలు 4, కుంజరం 8 (దిగ్గజాలు), తుహినాంశుడు చంద్రుడే, 1.

వరసగా 51615590737044764481. ఇలాంటి లెక్కలో అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, కాబట్టి తిరగేయండి. బిట్‌బాబు గారు ఇచ్చిన సంఖ్యతో పోల్చుకోండి, ఇరవైకి ఇరవై.

నాకు ముచ్చటేసేది ప్రాస. శర, ధర, జర. ఒకటో పాదంలో యతి శ-సా, రెండో పాదంలో ధ-త. అంకెలు మారవు, వాటి వరస మారదు. మారేది మాట ఒక్కటే. కొండకి నగం, భూధరం, గిరి అని మూడు పేర్లు వాడారు, సముద్రానికి రెండు, చంద్రుడికి మూడు. గణానికి ఏది సరిపోతే అది. లెక్క వచ్చినవాళ్లు ఉంటారు, ఛందస్సు వచ్చినవాళ్లు ఉంటారు. రెండూ ఒకే బుర్రలో ఉండి, అదీ ఇంత తేలిగ్గా...

ఇంకోటి గమనించారా? పద్యంలో నేత్రం లేదు, పక్షం లేదు, కరం లేదు. అంటే 2 లేదు! మిగతా అంకెలన్నీ ఉన్నాయి. రెట్టింపులతో పుట్టిన సంఖ్యలో రెండు అనే అంకె ఒక్కచోటా లేదు.

#4 | శ్రీకాకుళం_సీను

అంతా బాగుంది గానీ పద్యప్రియ గారూ, సముద్రాలు ఏడు కదా? సప్తసముద్రాలు. అబ్ధి 4 అని ఎలా తీసుకున్నారు? జవాబు ముందే తెలుసు కాబట్టి దానికి సరిపడా సర్దేస్తున్నామేమో. కొండ ఏడు అన్నప్పుడు సముద్రం ఏడు ఎందుకు కాకూడదు?

#5 | పద్యప్రియ

భూతసంఖ్యల్లో అబ్ధి, జలధి అంటే నాలుగే వాడుక, నాలుగు దిక్కుల సముద్రాలు. కానీ మీ అనుమానం సరైనదే. ఏడుగా వాడినవాళ్లూ లేకపోలేదు. పద్యం ఒక్కటే చేతిలో ఉంటే ఎలా తేల్చాలి? మాస్టారు ఎక్కడ?

#6 | లెక్కల_మాస్టారు

ఇక్కడే ఉన్నానమ్మా, మనవడికి ఆన్‌లైన్ క్లాసు అయ్యేదాకా ఫోన్ నా చేతికి రాదు.

సీనూ, మంచి ప్రశ్న. పెద్ద సంఖ్య అక్కర్లేకుండా తేల్చవచ్చు. తొమ్మిదుల పరీక్ష తెలుసు కదా, అంకెలన్నీ కూడితే 9తో భాగించినప్పుడు మిగిలే శేషం తెలుస్తుంది.

ముందు లెక్క వైపు నుంచి రా. 2ని రెట్టింపు చేసుకుంటూ 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1, మళ్లీ 2, 4, 8... ఆరు అడుగులకోసారి తిరిగి మొదలు. 64లో ఆరేసి తీస్తే మిగిలేది 4. నాలుగో శేషం 7. అందులో ఒకటి తీస్తే 6. కాబట్టి మనకి కావలసిన సంఖ్యకు శేషం 6 రావాలి.

ఇప్పుడు పద్యం. సముద్రం 4 అనుకుంటే అంకెల మొత్తం 87. 8+7=15, 1+5=6. కుదిరింది. రెండు సముద్రాలూ 7 అనుకుంటే మొత్తం 93, శేషం 3. కుదరదు. ఒకటి 4, ఇంకోటి 7 అంటావా? మొత్తం 90, శేషం సున్న. అదీ కుదరదు. పద్యానికి వచ్చిన అనుమానాన్ని తొమ్మిది తీర్చింది.

#7 | శ్రీకాకుళం_సీను

దండం మాస్టారూ. ఇంకో డౌటు. 2 ఘాతం మైనస్ ఒకటి అంటే మెర్సెన్ సంఖ్య కదా, అయితే ఇది ప్రధాన సంఖ్యేనా? ప్రపంచంలో తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యలన్నీ ఇలాంటివే అని చదివాను.

#8 | లెక్కల_మాస్టారు

సీనూ, చివరి అంకె చూడు నాయనా. 😀

#9 | శ్రీకాకుళం_సీను

అయ్యో. 5. నన్నెవరూ చూడలేదు కదా.

#10 | లెక్కల_మాస్టారు

అందరూ చూశారు. కానీ అడగడం మంచిదైంది. ఘాతం ప్రధాన సంఖ్య అయితేనే ఆ ఆశ ఉంటుంది. 64 అలా కాదు, రెండుగా చీలిపోతూనే ఉంటుంది. ఆ చీలికలోనే ఈ సంఖ్య అందమంతా ఉంది. ఒక చదరంగం బల్ల ముందు పెట్టుకోండి, సూత్రం లేకుండా చెప్తాను.

పై వరసలో ఎనిమిది గడులు. 1+2+4+...+128, మొత్తం 255 గింజలు. రెండో వరసలో ప్రతి గడీ తన పై గడికి 256 రెట్లు. కాబట్టి రెండో వరస మొత్తం కూడా మొదటి వరసకి 256 రెట్లు. రెండూ కలిపితే 257 రెట్లు. అంటే 16 గడుల మొత్తం = 255 × 257 = 65535. కూడిక కాస్తా గుణకారం అయిపోయింది.

ఇలా ప్రతిసారీ జరుగుతుంది. రెండు గడులకి 3. నాలుగు గడులకి 3×5. ఎనిమిదికి 3×5×17. పదహారుకి 3×5×17×257. ముప్పై రెండుకి దాన్ని 65537తో గుణించాలి. అరవై నాలుగుకి మళ్లీ 4294967297తో. గడులు రెట్టింపైన ప్రతిసారీ కొత్త గుణకం ఒకటి వచ్చి చేరుతుంది.

ఈ 3, 5, 17, 257, 65537, 4294967297 ఉన్నాయే, వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు. ఎందుకంటే ప్రతిదీ దాని ముందున్నవాటన్నిటి గుణకారానికి సరిగ్గా 2 ఎక్కువ. 3×5×17 = 255, తర్వాతది 257. రెండింటినీ ఏదైనా భాగిస్తే అది 2నీ భాగించాలి, ఇవేమో అన్నీ బేసి సంఖ్యలు. అయిపోయింది.

#11 | మిల్లు_మనిషి

మాది రైస్ మిల్లు. మీ కారణాంకాలు నాకు ఎక్కవు గానీ గింజల సంగతి నాకొదిలేయండి.

పొద్దున పని లేక బీపీటీ బియ్యం వెయ్యి గింజలు లెక్కపెట్టి, పక్కన బంగారం కొట్టు మావయ్య కాటా మీద పెట్టాను. నూకలు ఏరేశాను. 16 గ్రాములు వచ్చింది. (ఆయన "ఏంట్రా ఇది, బియ్యం తాకట్టు పెడతావా" అన్నాడు.)

దాన్నిబట్టి పదిహేడో గడిలో 65,536 గింజలు, కిలో దాటింది. అప్పటిదాకా అంతా సంచిలోనే. సగం బల్ల, అంటే 32 గడులు నిండేసరికి 429 కోట్ల 49 లక్షల చిల్లర గింజలు. తూకం 68.7 టన్నులు. లారీకి 20 టన్నులు వేసుకుంటే నాలుగో లారీ సగం కూడా నిండదు. కథలో ఆ గింజలు ఇస్తానన్న రాజు నవ్వాడంటే తప్పేం లేదు, సగం ఆట అయిపోయేసరికి ఇచ్చింది నాలుగు లారీలు. నేనైనా నవ్వేవాణ్ణి.

మొత్తం బల్లకి 29,500 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి తయారయ్యే బియ్యం 50 కోట్ల టన్నుల పైమాట. 52 అనుకున్నా ఇంచుమించు 570 ఏళ్ల పంట. ఎవరూ అన్నం తినకుండా.

#12 | డాలస్_డైరీ

వెయ్యి గింజలకి 16 గ్రాములు తక్కువ కాదా? చాలాచోట్ల 20, 25 అని లెక్కేస్తారు. 20 తీసుకుంటే 700 ఏళ్లు దాటుతుంది.

#13 | మిల్లు_మనిషి

సన్నబియ్యం అండీ. లావు బియ్యానికి మీరు చెప్పింది సరే. తేమ శాతం కూడా చూడాలి. నేను కాటా వేసింది చెప్పాను, మీరు ఎక్కడో రాసింది చెప్తున్నారు.

#14 | డాలస్_డైరీ

సరే సరే, గొడవొద్దు. ఇక్కడ బియ్యం రేటు తెలిస్తే గింజలు మీరే లెక్కపెట్టి తింటారు.

#15 | అడ్మిన్

బియ్యం రేట్ల మీద వేరే దారం ఉంది, అక్కడ మాట్లాడుకోండి. ఇక్కడ లెక్క నడవనివ్వండి, నేనూ చదువుతున్నా.

#16 | లెక్కల_మాస్టారు

మిల్లు మనిషి గారూ, మీరు తెలియకుండానే అసలు విషయం పట్టుకున్నారు. సగం బల్ల నాలుగు లారీలు. పూర్తి బల్ల దానికి ఎన్ని రెట్లు? సరిగ్గా 4294967297 రెట్లు. మీ లారీలు అక్కడి నుంచే 570 ఏళ్ల పంట అయిపోయాయి. ఈ సంఖ్య వెనక ఒక పెద్దాయన పొరపాటు ఉంది.

17వ శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచి ఆయన 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే అని చూసి, ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని నమ్మాడు. తర్వాతదే ఈ 429 కోట్ల సంఖ్య. దాన్ని పరీక్షించాలంటే 65 వేల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. చేతితో ఎవరికి ఓపిక?

1732లో ఆయిలర్ అనే గణితజ్ఞుడు తేల్చాడు. ఆయన చేసిన తెలివైన పని భాగించడం కాదు, దేనితో భాగించనక్కర్లేదో ముందు కనుక్కోవడం. ఈ సంఖ్యకు కారణాంకం ఏదైనా ఉంటే దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలని రుజువు చేశాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641... అయిదో దానికే దొరికేసింది.

4294967297 = 641 × 6700417.

ఆ రెండూ ప్రధాన సంఖ్యలే. కాబట్టి మల్లన గారి సంఖ్య పూర్తి జాతకం ఇదీ:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏదీ రెండుసార్లు రాలేదు. ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కోటి తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. కాబట్టి దీన్ని భాగించే సంఖ్యలు 2^7, అంటే 128. ఇది కూడా రెండు ఘాతమే వచ్చిందని గమనించండి.

#17 | పద్యప్రియ

మాస్టారూ, 641తో పోతుందని భాగించకుండా నమ్మే దారి ఏదైనా ఉందా? నాకు పెద్ద భాగహారం అంటే టెన్షన్.

#18 | లెక్కల_మాస్టారు

ఉందమ్మా, నాలుగు వాక్యాలు. పరీక్షల్లో దీన్ని ఇవ్వకపోవడం అన్యాయం అనిపిస్తుంది నాకు.

641 అంటే 640+1, అంటే 5×128 + 1. 128 అంటే 2^7. కాబట్టి 641తో భాగించే లెక్కలో 5×2^7కి బదులు -1 అని రాసుకోవచ్చు. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 5^4 × 2^28కి బదులు +1.

641నే ఇంకోలా చూస్తే 625+16, అంటే 5^4 + 2^4. కాబట్టి 5^4కి బదులు -2^4 రాసుకోవచ్చు.

దీన్ని తీసుకెళ్లి పై దాంట్లో పెట్టండి: -2^4 × 2^28 = -2^32, అది +1తో సమానం. అంటే 2^32 + 1 వేసుకుంటే శేషం సున్న. 2^32 + 1 అంటే 4294967297.

ఒకే సంఖ్యని రెండు రకాలుగా విడగొట్టడం, అంతే.

#19 | బిట్‌బాబు

మాస్టారూ 🙏 ఇరవై ఏళ్లుగా 2^32తో కాపురం చేస్తున్నా, పక్కింట్లో 641 ఉందని తెలియదు.

నా వంతుగా కొన్ని. 65537 అయితే మీ అందరి ఫోన్లలోనూ పని చేస్తోంది. బ్యాంకు సైటు తెరిచినప్పుడు తాళం పక్కన నడిచే ఆర్‌ఎస్‌ఏ అనే రహస్యలిపి పద్ధతిలో బహిరంగంగా ఉంచే ఘాతం చాలాచోట్ల ఇదే.

సగం బల్ల మొత్తానికి, అంటే 4294967295కి, ఇంకో గొప్ప ఉంది. 1796లో జర్మన్ గణితజ్ఞుడు గాస్, అప్పటికి ఇంకా 19 నిండని కుర్రాడు, స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి 17 భుజాల క్రమబహుభుజి గీయవచ్చని తేల్చాడు. ఆ దారిలో ఇవాళ్టిదాకా తెలిసినవాటిలో బేసి భుజాలతో గీయగలిగే అతి పెద్దది 3×5×17×257×65537 భుజాలది, అంటే సగం బల్లంత. గీసిచూడమని అడగొద్దు, వృత్తంలాగే కనిపిస్తుంది.

మన సంఖ్యకి రెండు కలిపితే తర్వాతి ఫెర్మా సంఖ్య, 18446744073709551617. అదీ ప్రధాన సంఖ్య కాదు. 1880లో లాండ్రీ అనే ఆయన 82 ఏళ్ల వయసులో విడగొట్టాడు: 274177 × 67280421310721. కంప్యూటర్ లేదు, కాల్క్యులేటర్ లేదు.

#20 | డాలస్_డైరీ

హనోయి టవర్ ఆట (పళ్లేల దొంతరని ఒక్కో పళ్లెం చొప్పున ఇంకో మేకుకి మార్చేది) కూడా ఇదే సంఖ్య కదా? 64 పళ్లేలు.

#21 | బిట్‌బాబు

అవును, 64 పళ్లేలకి కనీసం ఇన్ని ఎత్తులు కావాలి. 1883లో లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు అమ్మకానికి పెట్టిన బొమ్మ అది. దానికి తగిలించిన కథలో గుడి మాత్రం మన కాశీలో. పూజారులు పళ్లేలు మారుస్తూ ఉంటారట, అయిపోతే లోకం అంతమట. సెకనుకో ఎత్తు వేసినా 58,000 కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. కాబట్టి ఈఎమ్‌ఐలు కట్టుకోవలసిందే.

#22 | శ్రీకాకుళం_సీను

ఒక్కటి అడుగుతా. మల్లన గారు దీన్ని ఎలా కట్టి ఉంటారు? 63 సార్లు రెట్టింపు చేశారా?

#23 | లెక్కల_మాస్టారు

ఆయన చేతిలో ఏముందో చూసినట్టు నేను చెప్పలేను గానీ, 63 సార్లు అక్కర్లేదు. వర్గం చేసుకుంటూ పోతే ఆరుసార్లు చాలు. 2, 4, 16, 256, 65536, 4294967296, ఆపైన అసలుది. కష్టమంతా చివరి గుణకారంలోనే, పది అంకెలని పది అంకెలతో. చివర ఒకటి తీసేయాలి. వర్గం చేసి రెట్టింపుల మెట్లు దాటే ఉపాయం మన దేశంలో చాలా పాతది.

గోదారి గట్టు గారూ, మీ నాన్నగారు కాఫీ తాగారా?

#24 | గోదారి_గట్టు

తాగారండీ. మీ అందరి పోస్టులూ చదివి వినిపించాను. "వియన్నగాగ్ని" దగ్గర ఆస్ట్రియా అనగానే పద్యప్రియ గారిని మెచ్చుకున్నారు. అమ్మాయి తాతయ్యకి సారీ చెప్పింది. తర్వాత ఇద్దరూ కలిసి =2^64-1-2^64 కొట్టుకుని నవ్వుకున్నారు.

మాస్టారి రుజువు మాత్రం ఆయన ఒప్పుకోలేదు. "భాగిస్తే పోవాలి, అప్పుడు నమ్ముతా" అని నిన్నటి తారీఖు చించేసిన క్యాలెండర్ కాగితం వెనక మొదలుపెట్టారు. మొత్తం ఇరవై అంకెలనీ 641తో. ముందు 641 ఎక్కం తొమ్మిది దాకా పక్కన రాసుకున్నారు: 641, 1282, 1923... మొదటిసారి శేషం మిగిలింది. చూస్తే 44 ఉన్న చోట ఒక 4 ఎగిరిపోయింది. అమ్మాయి పట్టుకుంది. "వేద తర్వాత అబ్ధి ఉండాలి తాతయ్యా, తిరగేసి చదువు" అంది. అప్పటిదాకా దానికి ఆ పద్యం నోటికి వచ్చిందని మాకు తెలియదు.

రెండో కాగితం మీద పూర్తయింది. భాగఫలం 28,77,80,71,87,78,62,015. శేషం సున్న. కింద రెండు గీతలు గీసి సంతకం కూడా పెట్టారు.

ఇప్పుడు 6700417తో ఎవరు భాగిస్తారని అడుగుతున్నారు. మూడో కాగితానికి ఈ నెలలో తారీఖులు మిగల్లేదు.